కార్డు మీద పెద్ద అంకె కాదు, చిన్న గుర్తు చూడండి

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఏడాదికి ఒక్కరోజే తిరుగుతుంది. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. వెనకాల చింతమానుతో చేసిన సిరిమాను. దాని కొసన, గాల్లో కుర్చీలో పూజారి. మూడులాంతర్ల దగ్గరున్న చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తుంది. అంతే, మళ్లీ ఏడాదికే.

ఆ రోజు మేడలెక్కి కెమెరాలు పట్టుకున్న కుర్రాళ్లను చూడండి. యూట్యూబ్ చానల్ వాళ్లు, పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, సరదాగా వచ్చినవాళ్లు. "కాస్త ఆగండి బాబూ, నా రికార్డింగ్ ఆగిపోయింది, ఇంకోసారి తిప్పండి" అంటే వినేవాడెవడు? పెళ్లిలో జీలకర్ర-బెల్లం కూడా అంతే. పంతులుగారు ముహూర్తం ఆపరు.

అలాంటి చోట రికార్డింగ్ మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం లక్ష రూపాయల కెమెరా కాదు. అందులో పెట్టిన గోరంత మెమరీ కార్డు. కెమెరా కొనడానికి మూడు నెలలు రివ్యూలు చూస్తాం. కార్డు మాత్రం షాపులో నిలబడి, "ఫాస్ట్‌ది ఒకటి ఇవ్వండి" అని రెండు నిమిషాల్లో తీసేసుకుంటాం. ఈ వారం ఆ రెండు నిమిషాల గురించే.

పెద్ద అంకె ఏం చెప్తుంది?

కార్డు మీద అందరికీ కనబడేలా 100, 170, 200 అని ఒక అంకె ఉంటుంది. సెకనుకి అన్ని మెగాబైట్లు అని దాని అర్థం. దాని వెనక రెండు విషయాలు దాక్కుని ఉంటాయి.

మొదటిది, చాలా కార్డుల్లో అది చదివే వేగం. అంటే కార్డులో ఉన్న ఫైళ్లను ల్యాప్‌టాప్‌లోకి లాక్కునే వేగం. వీడియో తీసేటప్పుడు కెమెరా కార్డు నుంచి చదవదు, కార్డులోకి రాస్తుంది. రాసే వేగం చదివే వేగం కంటే తక్కువే ఉంటుంది. కొన్ని కార్డుల్లో బాగా తక్కువ.

రెండోది, ఆ అంకె పక్కన సన్న అక్షరాల్లో "వరకు" అని ఉంటుంది. అంటే అన్నీ కలిసొస్తే, మహా అయితే అంత. తక్కువలో తక్కువ ఎంత అన్నది ఆ అంకె చెప్పదు.

మా శ్రీకాకుళం లెక్కలో చెప్తాను. గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార కాలువకి నీళ్లు వదిలిన రోజు పేపర్లో ఇన్ని క్యూసెక్కులని వస్తుంది. శివారు పొలం రైతు ఆ అంకె చూసి ఊడుపులు మొదలుపెట్టడు. కాలువ చివర తన మడికి నీరు ఎంత అందుతుంది, రోజూ అందుతుందా అన్నదే ఆయన లెక్క. వీడియో రికార్డింగ్ శివారు పొలం లాంటిది. ఒక్క క్షణం వరదలా వచ్చి, మరుక్షణం ఎండిపోతే పనికిరాదు. తగ్గకుండా వస్తూ ఉండాలి.

ఫోటోలకి ఈ బాధ కొంచెం తక్కువ. టకటకా ఇరవై ఫోటోలు కొడితే కెమెరా వాటిని తన లోపలి తాత్కాలిక మెమరీలో దాచుకుని, నింపాదిగా కార్డులోకి దించుకుంటుంది. మనం రెండు మూడు సెకన్లు ఆగుతాం. వీడియోలో ఆగడం కుదరదు. ఈ సెకను డేటా కార్డులోకి వెళ్లేలోపే తర్వాతి సెకను డేటా వచ్చి పడుతుంది. తాత్కాలిక మెమరీ నిండిపోయిందంటే కెమెరాకి దారి లేదు, రికార్డింగ్ ఆపేస్తుంది.

మా ఉద్యోగంలోనూ ఇదే నేర్పుతారు. సర్వర్ ఎంత వేగంగా పని చేస్తోందని కొలిచేటప్పుడు అన్నిటికంటే త్వరగా వచ్చిన జవాబు చూసి చప్పట్లు కొట్టం. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన జవాబెంత అని అడుగుతాం. వాడేవాడిని ఇబ్బంది పెట్టేది అదే కాబట్టి.

హామీ ఉన్నది చిన్న గుర్తుల్లో

ఎస్‌డీ కార్డుని 1999లో మత్సుషితా (ఇప్పటి పానాసోనిక్), శాన్‌డిస్క్, తోషిబా కలిసి తెచ్చాయి. మరుసటి ఏడాది ఎస్‌డీ అసోసియేషన్ ఏర్పడింది. కార్డుల మీద కనబడే చిన్న చిన్న గుర్తులు ఆ సంఘం పెట్టినవే. "రాసే వేగం ఇంతకంటే తగ్గదు" అని చెప్పేవి అవే. మూడు తరాల గుర్తులు ఒకే కార్డు మీద కనబడటంతో జనం గజిబిజి పడతారు గానీ, లెక్క సులువు.

ఇంగ్లిష్ "సి" అక్షరం లోపల 10 ఉంటే, సెకనుకి కనీసం 10 మెగాబైట్లు రాస్తుంది. అదే ఆకారంలో 4, 6 అని ఉంటే 4, 6 మెగాబైట్లు.

ఇంగ్లిష్ "యు" ఆకారం లోపల 1 ఉంటే కనీసం 10 మెగాబైట్లు. 3 ఉంటే కనీసం 30.

ఇంగ్లిష్ "వి" పక్కన 6, 10, 30, 60, 90 అని ఉంటే, ఆ అంకె ఎంతో హామీ అంత. వి30 అంటే 30 మెగాబైట్లు, వి60 అంటే 60, వి90 అంటే 90. ఈ గుర్తు 2016లో వచ్చింది. వీడియో కోసమే పెట్టింది కాబట్టి మనం చూడాల్సింది దీన్నే.

అంటే సి10, యు1, వి10 మూడింటి హామీ ఒకటే. యు3, వి30 కూడా అంతే. "ఇందులో మూడూ ఉన్నాయి సార్" అని షాపులో ఎక్కువ చెప్తే మురిసిపోకండి.

"ఎ1", "ఎ2" అనే గుర్తులు ఫోన్లో యాప్‌లు నడపడానికి పెట్టినవి. చిన్న చిన్న ఫైళ్లు ఎంత చురుగ్గా చదివి రాస్తుందో చెప్తాయి. వి30 బదులు ఎ2 చూసి కెమెరా కోసం కొనకండి. ఇంక 633 ఎక్స్ లాంటివి సీడీ డ్రైవుల కాలం నాటి లెక్క. ఒక ఎక్స్ అంటే 150 కిలోబైట్లు. 633 అంటే 95 మెగాబైట్ల దరిదాపు. అదీ "వరకు" బాపతే.

ఎనిమిదితో భాగించండి

మన కెమెరాకి ఏ గుర్తు కావాలి? దీనికి ఒక్క భాగహారం చాలు.

కెమెరా మెనూలో వీడియో క్వాలిటీ దగ్గర 50, 100, 400 అని అంకెలుంటాయి. వాటిని బిట్‌రేట్ అంటారు. అవి సెకనుకి మెగాబిట్లు. కార్డు మీద ఉండేవి మెగాబైట్లు. ఒక బైట్ అంటే 8 బిట్లు. కాబట్టి కెమెరా అంకెని 8తో భాగిస్తే కార్డు లెక్క వచ్చేస్తుంది.

ఫుల్ హెచ్‌డీ 50 మెగాబిట్లు: సెకనుకి 6 మెగాబైట్ల పైచిలుకు. సి10 లేదా యు1 సరిపోతుంది.

4కె 100 మెగాబిట్లు: 12.5 మెగాబైట్లు. వి30.

4కె 200 మెగాబిట్లు: 25 మెగాబైట్లు. వి30 చాలు గానీ అంచు మీద ఉన్నట్టు.

స్లో మోషన్ 280 మెగాబిట్లు: 35 మెగాబైట్లు. వి30 చాలదు, వి60 కావాలి.

400 మెగాబిట్లు: 50 మెగాబైట్లు. వి60.

600 మెగాబిట్లు: 75 మెగాబైట్లు. వి90.

చివరి రెండూ ఊహించి రాసినవి కావు. పానాసోనిక్ జీహెచ్5లో 400 మెగాబిట్ల మోడ్ ఉంది, దానికి వి60 కార్డు వాడమని కంపెనీయే చెప్తుంది. సోనీ ఎ7ఎస్ 3లో 600 దాకా వెళ్లే మోడ్ ఉంది, దానికి వి90 అడుగుతుంది. మీ కెమెరా మాన్యువల్‌లోనూ ఏ మోడ్‌కి ఏ కార్డు అన్న పట్టిక ఉంటుంది. కొనేముందు ఫోన్లో ఆ పీడీఎఫ్ తెరిచి చూసుకోండి. నా లెక్కకీ మాన్యువల్‌కీ తేడా వస్తే మాన్యువల్ మాటే వినండి.

స్లో మోషన్ దగ్గర జాగ్రత్త ఎందుకంటే, రోజూ బాగా పనిచేసిన కార్డు అక్కడే మొండికేస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్తే చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. గూడబాతు రెక్కలు విప్పి దిగుతుంటే ఎవరికైనా స్లో మోషన్ పెట్టాలనిపిస్తుంది. సెకనుకి 25 ఫ్రేములు తీసే కెమెరా 100, 120 తీయడం మొదలుపెడుతుంది. బిట్‌రేట్ కూడా పెరుగుతుంది. కార్డు మాత్రం అదే.

అన్నీ బాగానే ఉన్నా ఆగిన వీడియో

మా చిన్నాన్న కొడుకు టెక్కలి వైపు పెళ్లి వీడియోలు తీస్తాడు. పోయినేడాది వాయిదాల మీద కొత్త కెమెరా కొన్నాడు. ఒక పెళ్లికి ఒప్పుకున్నాడు. పెళ్లికూతురి అన్న ఆర్మీలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. "మావాడు చూసుకోవాల, పెళ్లంతా ఒక్క ముక్క పోకుండా తియ్యి" అన్నది ఇంటివాళ్ల మాట.

కొత్త కెమెరా కదా అని మావాడు అందులో ఉన్న పెద్ద క్వాలిటీ పెట్టాడు, 400 మెగాబిట్లది. మధ్యాహ్నం ఇంట్లో పరీక్షిస్తే ముక్కలు ముక్కలుగా తీసినవన్నీ బాగానే వచ్చాయి. రాత్రి ముహూర్తానికి కెమెరా స్టాండు మీద పెట్టి ఏకబిగిన వదిలేశాడు. జీలకర్ర-బెల్లం పెట్టే వేళకి తెర మీద ఒక లైను వచ్చి రికార్డింగ్ ఆగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆగింది.

మర్నాడు నాకు ఫోను. "అన్నియ్యా, కార్డు మీద 170 అనుంది కదా, నాకు కావాల్సింది 50 అంటన్నావు. మరేటి తక్కువయింది?"

తక్కువైంది హామీ. ఆ కార్డు నకిలీ కాదు, పాడవ్వలేదు. దాని మీద వి30 అని చక్కగా ఉంది. 30 తగ్గకుండా రాస్తానని చెప్పింది, ఆ మాట నిలబెట్టుకుంది. కెమెరా 50 అడిగింది. ఇద్దరిదీ తప్పు లేదు, పొంతనే కుదరలేదు.

కొన్ని కెమెరాలు కార్డు చాలదని తెలిస్తే ముందే మెనూలో ఆ మోడ్ ఎంచుకోనివ్వవు. కొన్ని ఏమీ అనకుండా మొదలుపెట్టి, మధ్యలో చెయ్యి ఎత్తేస్తాయి. రెండో రకంతోనే ప్రమాదం.

అదృష్టం కొద్దీ రెండో కుర్రాడు పక్కనుంచి పాత కెమెరాతో ఫుల్ హెచ్‌డీ తీస్తున్నాడు. ఆ ముక్క అతికించి ఇచ్చారు. అన్నగారికి చెల్లెలి తల మీద చెయ్యి పక్క నుంచి కనబడుతుంది, ముఖం కనబడదు. మిగతా డబ్బులు ఇచ్చారు గానీ, కొంత తగ్గించి ఇచ్చారు. అడిగే మొహం వీడికి లేకపోయింది.

ఇంకో మాట. పెళ్లికి 400 మెగాబిట్లు అవసరమా? అంత పెద్ద మోడ్‌లు సాధారణంగా ప్రతి ఫ్రేమునీ దేనికది విడిగా దాస్తాయి. ఎడిటింగ్‌లో కంప్యూటర్‌కి తేలిక. 100, 150 మోడ్‌లు ఎక్కువగా ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య మారినదాన్నే దాచుకుంటాయి. యూట్యూబ్‌లోనో, ఇంట్లో టీవీలోనో చూసే పెళ్లికి అది చక్కగా సరిపోతుంది. వి90 కార్డు కొనడానికి డబ్బు లేకపోతే బిట్‌రేట్ తగ్గించడం నామోషీ కాదు, తెలివి.

మధ్యాహ్నం పని చేసింది, రాత్రి ఎందుకు ఆగింది?

చాలా కార్డుల్లో కొంత భాగాన్ని వేగంగా రాసుకునే జాగాలా వాడతారు. మొదట వచ్చే డేటా అందులో పడుతుంది. నిమిషం, రెండు నిమిషాల ముక్కలు తీస్తే ఆ జాగాలోనే గడిచిపోతుంది. ఏకబిగిన తీస్తే అది నిండిపోయి అసలు వేగం బయటపడుతుంది. అందుకే కొత్త కార్డు పరీక్షించాలంటే పది సెకన్ల వీడియో తీసి "ఓకే" అనుకోకండి. మీరు వాడబోయే మోడ్ పెట్టి, గోడకేసి చూపించి, కార్డు నిండేదాకా తీయండి. బ్యాటరీ ఖర్చు తప్ప నష్టం లేదు.

వాడిన కార్డు కూడా నెమ్మదిస్తుంది. ఈ మెమరీలో పాతది చెరిపితేనే కొత్తది రాయగలం. చెరపడం ఫైలు లెక్కన కాకుండా పెద్ద పెద్ద దిమ్మల లెక్కన జరుగుతుంది. మీరు అక్కడో ఫైలు ఇక్కడో ఫైలు డిలీట్ చేస్తూ పోతే కార్డు నిండా అరకొర ఖాళీలు మిగులుతాయి. కొత్త వీడియో వచ్చినప్పుడు వాటిని సర్దుకోవడానికి టైము పడుతుంది. కాబట్టి ముఖ్యమైన షూట్‌కి ముందు ఫైళ్లన్నీ రెండు చోట్ల కాపీ చేసుకుని, కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కెమెరా తనకి కావాల్సిన పద్ధతిలో సర్దుకుంటుంది.

ఒకటి గుర్తుంచుకోండి. ఆగిన ప్రతి వీడియోకీ కార్డే కారణం కాదు. కొన్ని పాత కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకి వాటంతట అవే ఆగుతాయి. ఎండలో 4కె తీస్తే వేడెక్కి ఆగుతాయి. తెర మీద వచ్చే మాట చదవండి. సరిగ్గా అరగంటకి ఆగితే పరిమితి. వేడి గుర్తు వస్తే వేడి. ఎప్పుడంటే అప్పుడు ఆగి, బిట్‌రేట్ తగ్గించగానే సర్దుకుంటే కార్డు.

వెనక రెండు వరసలు

కార్డు మీద రోమన్ అంకెలో ఒకటి గానీ రెండు గానీ ఉంటుంది. ఒకటి అంటే యూహెచ్ఎస్ మొదటి రకం. దాని దారి వెడల్పు సెకనుకి 104 మెగాబైట్లు. రెండు అంటే 312. రెండో రకం కార్డు తిప్పి చూస్తే బంగారు రంగు కాళ్లు రెండు వరసలుంటాయి. వి60, వి90 కార్డులు దాదాపుగా ఈ రకమే.

మొదటి రకం కార్డుల మీద 170, 200 ఎలా వేస్తారంటే, కొన్ని కంపెనీలు తమ కార్డూ తమ రీడరూ కలిస్తేనే పనిచేసే సొంత కిటుకు పెట్టుకున్నాయి. కెమెరాలో ఆ కిటుకు పనిచేయదు.

అలాగే రెండు వరసల కార్డుని పాత కెమెరాలో పెడితే పనిచేస్తుంది గానీ, మొదటి రకం వేగంతోనే. కెమెరాలో ఆ దారి లేనప్పుడు వి90 కొనడం డబ్బు దండగ. దాని ధర వి30కి కొన్ని రెట్లు ఉంటుంది. ఆ డబ్బుతో రెండు మంచి వి30 కార్డులు, ఒక బ్యాటరీ వస్తాయి.

ఫోను, డ్రోను, నకిలీ

ఫోన్లోనే వీడియో తీసేవాళ్లకి చాలా కొత్త ఫోన్లలో కార్డు స్లాటే లేదు. లోపలి మెమరీ వేగమైనదే, భయం లేదు. స్లాట్ ఉన్న ఫోన్లో వీడియోని ఫోన్ మెమరీలోకే తీసి, తర్వాత కార్డులోకి మార్చుకోవడం మంచిది. డ్రోన్లకి, యాక్షన్ కెమెరాలకి మైక్రో ఎస్‌డీ కార్డు వాడతాం. వీటికి వి30 కనీసం. పెద్ద కెమెరాలో మైక్రో కార్డుని అడాప్టర్‌లో పెట్టి వాడటం ముఖ్యమైన రోజున వద్దు. మధ్యలో ఇంకో అతుకు ఎందుకు? అదే కారు డ్యాష్‌క్యామ్‌కైతే వేగం కంటే మన్నిక ముఖ్యం. "హై ఎండ్యూరెన్స్" అని రాసిన కార్డు తీసుకోండి.

నకిలీ కార్డుల విషయం మరీ ఘోరం. లోపల 16 జీబీయే ఉంటుంది, 128 అని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేలా సాఫ్ట్‌వేర్ మార్చేస్తారు. 16 దాటాక కూడా రాస్తున్నట్టే నటిస్తుంది. ఇంటికొచ్చి తెరిస్తే ఫైలు పేరుంటుంది, లోపల ఏమీ ఉండదు. సగం ధరకి వస్తోందంటే అనుమానించండి. కొన్నరోజే పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. కార్డు నిండా రాసి, తిరిగి చదివి, నిజమెంతో చెప్తాయి. ఏ ఊళ్లో, ఏ సైట్లో కొన్నా బిల్లు అడగండి. వాపసు ఇచ్చే గడువులోపే ఈ పరీక్ష అయిపోవాలి.

ఎంత జీబీ?

100 మెగాబిట్ల వీడియో గంటకి 45 జీబీ తింటుంది. 64 జీబీ కార్డులో గంటా ఇరవై నిమిషాలు, 128లో రెండున్నర గంటల పైన పడుతుంది. 400 మెగాబిట్లయితే 128 జీబీ నలభై నిమిషాలకే నిండుతుంది.

కెమెరాలో రెండు స్లాట్లుంటే రెండింటిలోనూ ఒకే వీడియో పడేలా పెట్టుకోండి. అప్పుడు రెండు కార్డులూ ఆ మోడ్‌కి తగినవే అయ్యుండాలి. ఒకటి వి60, ఒకటి వి30 పెడితే కెమెరా నడిచేది వి30 నడకే.

ఎంత జాగ్రత్తపడ్డా రికార్డింగ్ ఆగిందనుకోండి. ఎర్ర లైటు వెలుగుతుంటే కార్డు లాగకండి, బ్యాటరీ తీయకండి. వీడియో ఫైలు ముగిసేటప్పుడు ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి చివర్లో రాస్తుంది. అది పడకపోతే ఫైలు మొత్తం ఉన్నా తెరుచుకోదు. అలా అయిన కార్డులో ఇంకేమీ రికార్డు చేయకుండా పక్కన పెట్టి, వేరే కార్డు వేసుకోండి. అదే కెమెరాతో అదే మోడ్‌లో తీసిన మంచి ఫైలు ఒకటి చూపిస్తే, తెగిన ఫైలుని బాగుచేసే అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. చాలాసార్లు పనిచేస్తుంది.

ఇప్పుడే ఒక పని చేయండి. మీ కెమెరా మెనూ తెరిచి, మీరు రోజూ వాడే బిట్‌రేట్ చూడండి. 8తో భాగించండి. కార్డు బయటికి తీసి "వి" పక్కనున్న అంకె చూడండి. కార్డు అంకె పెద్దదైతే కొత్తది కొనక్కర్లేదు, ఎవరేం చెప్పినా సరే. చిన్నదైతే, వచ్చే ముహూర్తం లోపు బిట్‌రేట్ అన్నా తగ్గించండి, కార్డు అన్నా మార్చండి.